ఊపిరితిత్తుల మార్పిడి: రోగులూ ఇంటివాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

‘మందులతో ఇక పెద్దగా లాభం లేదు, మార్పిడి గురించి ఆలోచించండి’ అని ఛాతీ డాక్టరు చెప్పాక ఇంట్లో మొదలయ్యే ప్రశ్నలివి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉండేవారిని దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాం. మోతాదుల విషయంలో మాత్రం మీ ఆసుపత్రి మాటే చివరిమాట.

ఏయే జబ్బులకు మార్పిడి చేస్తారు?

మన దగ్గర వచ్చేవారిలో ఎక్కువమంది ఊపిరితిత్తులు గట్టిపడిపోయినవాళ్లు. డాక్టర్ల చీటీలో ఐఎల్‌డీ, ఐపీఎఫ్, పల్మనరీ ఫైబ్రోసిస్ అని ఉంటుంది. పావురాల రెట్ట, ఈకల ధూళి పీల్చీ పీల్చీ వచ్చే అలర్జీ రకం ఫైబ్రోసిస్ కూడా ఇందులోనిదే. తర్వాత సీఓపీడీ (శ్వాసనాళాలు సన్నబడి గాలి బయటికి పోని జబ్బు), బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు సాగి గళ్ల నిలిచిపోయేది), సిస్టిక్ ఫైబ్రోసిస్ (పుట్టుకతోనే గళ్ల చిక్కబడే జబ్బు), రాతి క్వారీల్లో పనిచేసినవారికి వచ్చే సిలికోసిస్, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగే పల్మనరీ హైపర్‌టెన్షన్. క్షయ పూర్తిగా నయమైనా ఊపిరితిత్తి పాడైపోయి మిగిలినవారూ ఉంటారు. అయితే పాత క్షయలో ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోతుంది. దాన్ని విడదీసేటప్పుడు రక్తస్రావం ఎక్కువ కాబట్టి అలాంటి కేసు ఒప్పుకునేముందు సర్జన్లు సీటీ స్కాన్‌ను ఒకటికి రెండుసార్లు చూస్తారు.

పారాక్వాట్ గడ్డిమందు ఒంట్లోకి వెళ్లి ఊపిరితిత్తులు గట్టిపడినవారికీ కొన్నిచోట్ల మార్పిడి జరిగింది. ఇక్కడ తొందరపడితే అసలుకే మోసం. కండరాల్లో దాగిన విషం మెల్లగా రక్తంలోకి వస్తూ కొత్త ఊపిరితిత్తుల్ని కూడా కాల్చేస్తుంది. అది పూర్తిగా పోయిందని తేలి, మూత్రపిండాలు కోలుకునేదాకా రోగిని నిలబెట్టగలగాలి.

ఎప్పుడు వెళ్లాలి? ఇంకా నడవగలుగుతున్నారు కదా!

నడవగలుగుతున్నప్పుడే వెళ్లాలి. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మార్పిడి కేంద్రానికి వెళ్లడమంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు. మొదటిసారి చూపించుకోవడం, పరీక్షలు, పేరు నమోదు, ఎదురుచూపు, ఇవన్నీ వేర్వేరు మెట్లు. ‘మీకింకా సమయం ఉంది, ఆరు నెలలకోసారి వచ్చి కనిపించండి’ అని పంపేస్తే అది మంచి వార్తే. వెంటిలేటర్ మీద పెట్టాక ఆసుపత్రులకు ఫోన్లు చేయడం మొదలుపెడితే చాలా దారులు అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. కండరాలు కరిగి, ఇన్ఫెక్షన్లు చేరి, మూత్రపిండాలు దెబ్బతిని ఉంటాయి. కేంద్రాలు కాదనే కారణాల్లో ఎక్కువభాగం ఆలస్యం తెచ్చిపెట్టినవే.

ఐపీఎఫ్ (కారణం తెలియకుండా వచ్చే ఫైబ్రోసిస్) అయితే జబ్బు నిర్ధారణ అయిన రోజే ఒకసారి మార్పిడి కేంద్రం చెవిన వేయాలి. ఫైబ్రోసిస్ ఏ రకమైనా ఎఫ్‌వీసీ (నిండా పీల్చి బయటికి ఊదగల గాలి) ఉండాల్సినదాంట్లో 80 శాతం కన్నా, డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యం) 40 శాతం కన్నా తగ్గినా, కొద్దిపాటి ఆక్సిజన్ అవసరమైనా వెళ్లాలి. ఆరు నెలల్లో ఎఫ్‌వీసీ పది శాతం పడిపోయినా, ఆరు నిమిషాల నడకలో ఆక్సిజన్ 88 శాతం కంటే దిగినా పేరు నమోదు చేసే దశ వచ్చినట్టే. సీఓపీడీలో బోడ్ అనే స్కోరు చూస్తారు: బరువు, ఊదే శక్తి, ఆయాసం, నడక కలిపిన లెక్క. 5–6 దగ్గర పంపాలి, 7 నుంచి 10 మధ్య నమోదు చేస్తారు. ఏడాదిలో మూడుసార్లు తీవ్రంగా జబ్బుపడినా, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 50 దాటినా స్కోరు తక్కువే కదా అని ఆగకూడదు.

ఎవరికి చేయరు?

క్యాన్సర్ ఉన్నవారికి, కాలేయం సిరోసిస్‌కు వెళ్లినవారికి, చికిత్స పూర్తికాని క్షయ ఉన్నవారికి చేయరు. బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ, మద్యం మానేసి కనీసం ఆరు నెలలు కావాలి. మాటమీద నమ్మరు, రక్తంలోనో మూత్రంలోనో కోటినిన్ (నికోటిన్ ఒంట్లో మిగిల్చే పదార్థం) పరీక్ష చేస్తారు. గుట్కా నమిలినా అది పట్టిస్తుంది.

65 దాటితే జాగ్రత్తగా తూచి చూస్తారు, 70 దాటితే చాలా కేంద్రాలు వెనకాడతాయి. బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) 35 దాటినా ఇబ్బందే, 16 కంటే తక్కువైనా ఇబ్బందే. షుగర్ అదుపులో ఉంటే అడ్డు కాదు. స్టెంట్ వేసిన గుండె కూడా ప్రతిసారీ అడ్డు కాదు. ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ రోజుకు 20 మిల్లీగ్రాములకు మించి వాడుతుంటే తగ్గించమంటారు, ఎందుకంటే కొత్త శ్వాసనాళం అతుకు మానడానికి స్టీరాయిడ్ అడ్డుపడుతుంది.

ఇంటివాళ్లకు సులువుగా తట్టని కారణం మరొకటుంది: రోజూ పక్కన ఉండి చూసుకునే మనిషి లేకపోవడం. మొదటి ఏడాది మందుల లెక్క, ఆసుపత్రి తిరుగుడు ఒక్కరివల్ల అయ్యే పని కాదు. అందుకే సోషల్ వర్కర్ ‘ఎవరు చూసుకుంటారు?’ అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఇద్దరి పేర్లు చెప్పగలిగితే మంచిది.

ఏయే పరీక్షలు చేస్తారు?

ఊదే పరీక్ష, హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల్ని వివరంగా చూపే సీటీ స్కాన్), ఆరు నిమిషాల నడక, ధమని రక్తంలో వాయువుల పరీక్ష, ఎకో ఎలాగూ ఉంటాయి. గుండె కుడివైపు పీడనాన్ని తీగ పంపి కొలుస్తారు, నలభై దాటినవారికి యాంజియోగ్రామ్ కూడా చేస్తారు. రక్తంలో గ్రూపు, హెచ్‌ఎల్‌ఏ (దాతతో పొంతన చూసే కణాల గుర్తులు), యాంటీబాడీలు, హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ, సైటోమెగలో వైరస్, దాగి ఉన్న క్షయ. ఎముకల సాంద్రత, పళ్లు, వయసునుబట్టి మామోగ్రామ్, పెద్దపేగు పరీక్ష.

అన్నవాహికలోకి సన్నని గొట్టం వేసి 24 గంటలు ఆమ్లం కొలిచే పరీక్షను చాలామంది ‘ఊపిరితిత్తికీ కడుపుకీ ఏం సంబంధం’ అని తప్పించుకోవాలని చూస్తారు. కడుపులోని పులుపు రాత్రిళ్లు పైకి ఎగదన్ని కొత్త ఊపిరితిత్తుల్లోకి జారితే అవి మెల్లగా పాడవుతాయి. ఆ సంగతి ముందే తెలిస్తే సరిచేయవచ్చు. పుచ్చిన పన్ను కూడా అంతే, రోగనిరోధకశక్తి తగ్గించే మందులు మొదలయ్యాక అదే పెద్ద ఇన్ఫెక్షన్‌కు మూలమవుతుంది.

ఈ దశలో రక్తం ఎక్కించుకోవడం వీలైనంతవరకు మానుకోవాలి. రక్తం ఎక్కినప్పుడు, ఆడవాళ్లకైతే గర్భం వచ్చినప్పుడు, ఇతరుల కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. అవి ఎంత ఎక్కువుంటే సరిపోయే దాత దొరకడం అంత కష్టం. టీకాలన్నీ ముందే వేయించుకోండి: ఫ్లూ, నిమోనియా, హెపటైటిస్ బీ, కోవిడ్, సర్పికి వాడే రీకాంబినెంట్ టీకా. బతికున్న క్రిములతో చేసే టీకాలు మార్పిడి తర్వాత వేయకూడదు.

మా అబ్బాయి ఒక ఊపిరితిత్తి ఇస్తానంటున్నాడు. కుదురుతుందా?

కుదరదు. కిడ్నీలా కాదిది. జపాన్‌లో ఇద్దరు దాతల నుంచి చెరొక కింది భాగం తీసి అమర్చే పద్ధతి ఉంది కానీ, మన దగ్గర మార్పిడులు బ్రెయిన్‌డెడ్ అయినవారి నుంచి తీసుకున్న ఊపిరితిత్తులతోనే జరుగుతాయి.

జీవన్‌దాన్‌లో పేరు ఎలా నమోదు చేయించాలి? ఎన్నాళ్లు పడుతుంది?

మీరు నేరుగా చేయించుకోలేరు, అనుమతి ఉన్న ఆసుపత్రే చేస్తుంది. జీవన్‌దాన్ అంటే ప్రభుత్వ అవయవదాన పథకం. తెలంగాణ జీవన్‌దాన్ హైదరాబాద్ నిమ్స్ నుంచి నడుస్తుంది, ఆంధ్రప్రదేశ్‌కు వేరే జీవన్‌దాన్ ఉంది. నమోదయ్యాక మీ పేరు మీద వచ్చే నంబరు అడిగి రాసిపెట్టుకోండి. ‘లిస్టులో పైకి తెస్తాం’ అంటూ డబ్బడిగే దళారులుంటారు. అవయవాల కొనుగోలు, అమ్మకాలకు చట్టంలో 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కొన్నవాళ్లకూ అది వర్తిస్తుంది.

ఎన్నాళ్లన్నది ఎవరూ తేదీ చెప్పలేరు. దాత రక్తం గ్రూపు సరిపోవాలి, దాత ఊపిరితిత్తుల కొలత మీ ఛాతీలో పట్టాలి. ఫైబ్రోసిస్‌లో ఛాతీ కుంచించుకుపోతుంది కాబట్టి చిన్న ఊపిరితిత్తులు కావాలి. పొట్టిగా ఉండే స్త్రీలు, ఓ గ్రూపువాళ్లు సాధారణంగా ఎక్కువకాలం ఆగాల్సి వస్తుంది. పైగా అవయవదానం జరిగిన ప్రతిసారీ ఊపిరితిత్తులు పనికిరావు. వెంటిలేటర్ మీద ఉన్న దాతకు నిమోనియా సోకడం, ప్రమాదంలో ఛాతీ నలగడం, లోపల నీరు చేరడం మామూలే. కిడ్నీలు, కాలేయం తీసుకున్న దాత నుంచి కూడా ఊపిరితిత్తులు వదిలేయాల్సిన సందర్భాలే ఎక్కువ.

ఎదురుచూసే నెలల్లో ఇంట్లో ఏం చేయాలి?

మొదట ఆక్సిజన్ లెక్క. 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్‌ను (గాలి నుంచి ఆక్సిజన్ తీసే యంత్రం) 5 మీద పెట్టి రాత్రింబవళ్లు నడిపేకంటే 10 లీటర్లది తీసుకుని సగంలో నడపడం మేలు. యంత్రం పాతబడేకొద్దీ ఎక్కువ ప్రవాహంలో ఆక్సిజన్ శాతం పడిపోతుంది, మీటరు మాత్రం 5 అనే చూపిస్తుంది. వెనకాల స్పాంజి ఫిల్టరు వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. కరెంటు పోతే 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇంటి ఇన్వర్టర్ మీద 5 లీటర్ల యంత్రం మూడు గంటలకు మించి నడుస్తుందని నమ్మకండి. ఫ్యాను, లైట్లు కూడా దానిమీదే ఉంటే ఇంకా తక్కువ.

సిలిండర్ ఎంతసేపు వస్తుందో ఇంట్లో అందరికీ తెలియాలి. చిన్నది, బీ టైప్, నిండా ఉంటే సుమారు 1,500 లీటర్లు. పెద్ద జంబో, డీ టైప్, సుమారు 7,000. దాన్ని నిమిషానికి వాడే లీటర్లతో భాగించండి. 4 లీటర్ల మీద ఉన్న మనిషికి బీ టైప్ 375 నిమిషాలు, అంటే ఆరు గంటల చిల్లర. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు కారులో ఐదారు గంటలు అనుకుంటే ఒక్కటి సరిగ్గా సరిపోతుందనిపిస్తుంది. చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్ ఆగిందంటే సరిపోదు. రెండు పెట్టుకోండి, సిలిండర్ తెరిచే రెండో స్పానర్ కూడా. భుజానికి తగిలించుకునే పోర్టబుల్ యంత్రాల మీద ఉండే 1, 2, 3 అంకెలు లీటర్లు కావు, ఊపిరి పీల్చినప్పుడు వచ్చే మోతాదులు మాత్రమే. వేగంగా ఊపిరాడే ఫైబ్రోసిస్ రోగికి అవి తరచుగా చాలవు.

ముక్కు గొట్టంతో పూజగదిలో దీపం దగ్గర కూర్చోవద్దు, పొయ్యి దగ్గరకు వెళ్లొద్దు. కనీసం రెండు మీటర్ల దూరం. గొట్టానికి, ముఖానికి వ్యాసలిన్ రాయొద్దు.

రెండోది వ్యాయామం. ‘ఆయాసపడతారు, కూర్చోండి’ అని ప్రేమగా కూర్చోబెట్టడం ఇంటివాళ్లు చేసే పెద్ద నష్టం. ఆక్సిజన్ పెంచుకునైనా రోజూ నడవాలి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం సాధన చేయాలి. ఆపరేషన్ తర్వాత మంచం దిగేది తొడ కండరాల బలంతోనే. మూడోది తిండి: ఆయాసంతో రెండు ముద్దలకే ఆపేసేవాళ్లకు కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి. గుడ్డు, పప్పు, చేప, పెరుగు ఏదో రూపంలో ప్రతిసారీ ఉండాలి.

దూరపు ఊళ్లవాళ్లను నమోదయ్యాక ఆసుపత్రికి రెండు గంటల దూరంలోపు ఇల్లు తీసుకోమంటారు. దుమ్ము లేని వీధి, లిఫ్టు, బాల్కనీలో పావురాలు లేని ఇల్లు చూసుకోండి.

ఫోన్ వస్తే ఏం చేయాలి?

మూడు ఫోన్ నంబర్లు ఇచ్చి ఉంచండి, రాత్రి సైలెంట్‌లో పెట్టొద్దు. కాల్ వచ్చిన క్షణం నుంచి నీళ్లు కూడా తాగకూడదు. ఫైలు, ఆధార్, ఇప్పుడు వాడే మందులు, నిండు సిలిండర్లు తీసుకుని బయల్దేరండి. జ్వరమో, కొత్తగా దగ్గో, విరేచనాలో ఉంటే ఫోన్‌లోనే చెప్పండి. దాస్తే నష్టపోయేది రోగే.

ఆసుపత్రికి చేరాక, ఒక్కోసారి థియేటర్ తలుపు దాకా వెళ్లాక కూడా ‘ఊపిరితిత్తులు బాగాలేవు, ఇంటికెళ్లండి’ అనవచ్చు. దాత దగ్గరికి వెళ్లిన సర్జన్ ఛాతీ తెరిచి, చేత్తో తడిమి, గాలి నింపి చూసేదాకా నిర్ణయం పక్కా కాదు. తీసిన ఊపిరితిత్తులు మంచులో ఉండగలిగేది మామూలుగా ఆరు గంటల వరకు. గ్రీన్ చానల్ పేరుతో పోలీసులు రోడ్లు ఖాళీ చేయించేది అందుకే.

ఒకటి మారుస్తారా, రెండూనా? ఆపరేషన్ ఎలా జరుగుతుంది?

చీము పట్టే జబ్బుల్లో, అంటే బ్రాంకియెక్టాసిస్, సిస్టిక్ ఫైబ్రోసిస్‌లలో, రెండూ మార్చాల్సిందే. ఒకటి ఉంచితే దాంట్లోని క్రిములు కొత్తదానికి సోకుతాయి. ఫైబ్రోసిస్, సీఓపీడీలలో ఒకటి సరిపోయే సందర్భాలున్నాయి, అయినా వీలైతే రెండూ మార్చడానికే మొగ్గు చూపుతారు.

రొమ్ముల కింద అడ్డంగా కోసి, ఒక వైపు తర్వాత ఒక వైపు మారుస్తారు. ప్రతి ఊపిరితిత్తికీ మూడు అతుకులు: శ్వాసనాళం, ధమని, సిరలు చేరే గుండె గది అంచు. అవసరమైతే ఎక్మో (ఒంటి బయట రక్తానికి ఆక్సిజన్ అందించే యంత్రం) మీద ఉంచుతారు. మొత్తం 6 నుంచి 12 గంటలు. శ్వాసనాళానికి సొంతంగా రక్తం తెచ్చే సన్నని ధమనుల్ని మామూలుగా కలపరు. అందుకే ఆ అతుకు దగ్గర మానడం ఆలస్యమై, కొందరికి సన్నబడుతుంది. అప్పుడు బ్రాంకోస్కోపీలో (శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం పంపి చేసేది) బెలూన్‌తో వెడల్పు చేయడమో, స్టెంట్ పెట్టడమో చేస్తారు.

నరాలు కూడా తెగిపోతాయి కాబట్టి అతుకు కింద గళ్ల చేరినా దగ్గు రాదు. రాకపోయినా కావాలని దగ్గాలి. ఫిజియోథెరపిస్టు వెంటపడేది దీనికోసమే.

మొదటి నెల ఎలా ఉంటుంది?

తొలి 72 గంటల్లో కొత్త ఊపిరితిత్తులు నీరుపట్టి పనిచేయకపోవడం అన్నిటికంటే పెద్ద గండం. అది దాటితే వెంటిలేటర్ ఒకటి నుంచి మూడు రోజుల్లో తీస్తారు, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో ఇంటికి పంపుతారు. ఐసీయూలో కొన్నాళ్లు మనిషి తికమకగా మాట్లాడటం, లేనివి కనబడటం ఉంటాయి. మందులు, నిద్రలేమివల్ల వచ్చేవే, చాలామందిలో తగ్గిపోతాయి. ఛాతీ ఎముక అతుక్కునేదాకా మూడు నెలలు ఐదు కిలోలకు మించి ఎత్తకూడదు, అంటే నిండు బిందె కూడా వద్దు.

జీవితాంతం మందులేనా?

అవును, ఒక్క రోజు కూడా ఆపకుండా. రోగనిరోధకశక్తిని తగ్గించేవి ప్రధానంగా మూడు: టాక్రోలిమస్, మైకోఫినొలేట్, ప్రెడ్నిసొలోన్. వీటితోపాటు క్రిముల నుంచి కాపాడే కోట్రైమాక్సజోల్, వాల్‌గాన్‌సైక్లోవిర్, ఫంగస్ మందు.

అసలు కథంతా టాక్రోలిమస్‌దే. తక్కువైతే శరీరం ఊపిరితిత్తిని తిప్పికొడుతుంది (దీన్నే రిజెక్షన్ అంటారు), ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి, చేతులు వణుకుతాయి. మొదటి నెలల్లో రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 10 నుంచి 15 నానోగ్రాములు ఉండేలా చూస్తారు, తర్వాత తగ్గిస్తారు. ఉదయం 9, రాత్రి 9 అని పెట్టుకుంటే ప్రతిరోజూ అదే. రక్తపరీక్ష రోజు పొద్దుటి మాత్ర వేసుకోకుండా వచ్చి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి. మాత్ర మింగి రక్తం ఇస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు మోతాదు తగ్గిస్తారు, రెండు వారాలకు రిజెక్షన్ రావచ్చు. ఇలా మొదలయ్యే చిక్కులు ఎన్నో.

ఇంకొక దారి ఊళ్లో మందుల షాపు. జలుబుకని క్లారిత్రోమైసిన్, తామరకని ఫ్లూకొనజోల్ ఇస్తారు. రెండూ టాక్రోలిమస్‌ను పెంచేస్తాయి. కొద్ది రోజుల్లో వణుకు, తలనొప్పి, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే అంకె) పెరగడం. క్షయకిచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కిచ్చే ఫెనిటోయిన్ దీనికి విరుద్ధంగా దాన్ని అట్టడుగుకు దించేస్తాయి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, పారాసెటమాల్ చాలు. విరేచనాలైతే మందు ఒంటికి పట్టదనుకుంటారు, టాక్రోలిమస్ విషయంలో చాలాసార్లు స్థాయి పెరుగుతుంది. మాత్రల కంపెనీ మారితే కూడా వారంలోపు పరీక్ష చేయించాలి. ఒక పూట మరిచిపోతే రెండు కలిపి వేసుకోవద్దు, ఫోన్ చేయండి.

పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ జన్మలో ముట్టుకోకూడదు. ఇమ్యూనిటీ పెంచుతుందని తిప్పతీగ కషాయం తాగించే బంధువులుంటారు. ఇక్కడ మనం కష్టపడి తగ్గించేదే ఇమ్యూనిటీని.

తిండిలో, ఇంట్లో ఏ జాగ్రత్తలు?

కాచి చల్లార్చిన నీళ్లు, అప్పుడే వండిన వేడి అన్నం. చెరుకురసం, రోడ్డుపక్క పానీపూరీ, పచ్చి మొలకలు, సగం ఉడికిన గుడ్డు, కాచని పాలు వద్దు. పండ్లు తొక్క తీసేవి మంచివి. ఆవకాయ ఉప్పు వల్ల బీపీ పెంచుతుంది, టాక్రోలిమస్‌తో బీపీ ఎలాగూ పెరుగుతుంది.

ఆస్పర్‌జిల్లస్ అనే బూజు మట్టిలో, ఎండుగడ్డిలో, పాత గోడల దుమ్ములో ఉంటుంది. కాబట్టి గడ్డివాము, పేడ, కుండీల మట్టి, ఇంటికి రిపేరు పనులు జరిగే చోటు రోగికి దూరం. తప్పనిసరైతే ఎన్95 మాస్కు.

రిజెక్షన్ వస్తే తెలుస్తుందా?

చాలాసార్లు రోగికి తెలియకముందే ఇంట్లో ఊదే చిన్న స్పైరోమీటర్‌కు తెలుస్తుంది. రోజూ ఒకే వేళకు మూడుసార్లు ఊది, పెద్ద అంకె నోట్‌బుక్‌లో రాయండి. 2.50 లీటర్లు ఊదే మనిషి రెండు రోజులుగా 2.25 దాటకపోతే, అంటే పది శాతం పడితే, ఆయాసం లేకపోయినా ఫోన్ చేయాలి. అప్పటికప్పుడు వచ్చే రిజెక్షన్‌కు మూడు రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇంజెక్షన్లు ఇస్తే చాలామందిలో లొంగుతుంది. నెమ్మదిగా వచ్చే దీర్ఘకాలిక రకం, క్లాడ్, అంత తేలిగ్గా లొంగదు. అత్యుత్తమ అంకెల సగటు నుంచి 20 శాతం పడి, పైకి రాకుండా నిలిచిపోతుంది. అజిత్రోమైసిన్ కొందరిలో దాన్ని నెమ్మదింపజేస్తుంది. మార్పిడి తర్వాత ఏళ్లు గడిచినవారిలో ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే.

ఎన్నేళ్లు బతుకుతారు?

అంతర్జాతీయ రిజిస్ట్రీ ప్రకారం 1990లలో మార్పిడి జరిగిన పెద్దవాళ్లలో సగంమంది ఐదేళ్లు కూడా దాటలేదు. 2010–2017 మధ్య జరిగినవారిలో సగంమంది 6.7 ఏళ్లు దాటారు. మొదటి ఏడాది గట్టెక్కినవారికి ఆయుష్షు ఇంకా ఎక్కువ. కిడ్నీ, కాలేయాల ఫలితాలతో పోలిస్తే తక్కువే. ప్రతి శ్వాసతో బయటి గాలి, క్రిములు తగిలే అవయవం ఇది.

ఖర్చు?

ప్రైవేటు ఆసుపత్రుల్లో సుమారు 25 నుంచి 40 లక్షలు, ఎక్మో రోజులు పెరిగితే ఇంకా పైకి. ఆపరేషన్‌కు అప్పు తెచ్చి మందులకు చేతులెత్తేయడం కళ్లముందు జరిగే ప్రమాదం. మందులు, పరీక్షలకు మొదటి ఏడాది నెలనెలా వేలల్లోనే అవుతుంది. ఆ డబ్బు విడిగా పెట్టాకే నమోదు చేయించుకోండి. ముఖ్యమంత్రి సహాయనిధి ఎల్‌ఓసీకి (ఖర్చు భరిస్తామని ముందే ఇచ్చే హామీ పత్రం) ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా పత్రం కావాలి, ముందుగానే అడగండి. ఆరోగ్య బీమా ఉంటే దాత అవయవం తీసే ఖర్చు, గది అద్దె పరిమితి గురించి రాతపూర్వకంగా తెలుసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ గడువు 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా మూడేళ్లు.

పనికి వెళ్లొచ్చా? పిల్లల్ని కనొచ్చా?

కూర్చుని చేసే పని నాలుగైదు నెలలకు మొదలుపెట్టవచ్చు. దుమ్ము, రసాయనాలు, పురుగుమందుల పిచికారీ ఉండే పని మానుకోవాలి. మైకోఫినొలేట్ గర్భంలోని శిశువుకు అవకరాలు తెస్తుంది. కనీసం రెండేళ్లు ఆగి, మందు మార్పించుకుని, డాక్టరు సరేనన్నాకే ఆ ఆలోచన.

ఏయే లక్షణాలకు వెంటనే ఫోన్ చేయాలి?

జ్వరం 100.4 దాటితే, అది అర్ధరాత్రైనా సరే. స్టీరాయిడ్ జ్వరాన్ని అణచిపెడుతుంది కాబట్టి 99.5 ఉండి ఒంట్లో నలతగా ఉన్నా చెప్పండి. స్పైరోమీటర్ అంకె పది శాతం పడటం, ఆక్సిజన్ ఎప్పటికంటే మూడు నాలుగు పాయింట్లు తగ్గడం, గళ్ల రంగు మారడం, ఒక్క రోజులో కిలో బరువు పెరగడం, వాంతులై మాత్రలు నిలవకపోవడం, మూత్రం తగ్గడం. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే మందుల చీటీ చూపించి, యాంటీబయోటిక్ రాసేముందు మీ మార్పిడి కోఆర్డినేటర్‌తో ఆ డాక్టరును ఫోన్‌లో మాట్లాడించండి.